మేకని చూసి నవ్విన మా చిన్నత్త

నా చిన్నప్పుడు మా చిన్నత్తకి కుదిరిన సంబంధం ఒకటి బయస్కోపు చూస్తుండగా తప్పిపోయింది. మా బంధువుల పెళ్ళిళ్ళలో ఇప్పటికీ ఆ కథ చెప్పుకుని నవ్వుతారు. నాలుగు దోసిళ్ళ కల్లు కడుపులో పడ్డాక ఎవరో ఒకరు లేచి, బొమ్మని చూసి బెదిరిపోయిన అల్లుడు ఎలా పారిపోయాడో నడిచి చూపిస్తారు. ఇంకొకరు మేకలా అరుస్తారు. ఈమధ్య మా మనవడి పెళ్ళిలో కూడా ఆ అరుపు వినబడింది. దాని సంగతేమీ తెలియని పిల్లలు సైతం పొట్ట పట్టుకుని నవ్వుతుంటే, ఇక దీన్ని రాసి పెట్టక తప్పదనిపించింది. ఆ రోజు ఆ గోదాములో ఉన్నవాళ్ళలో ఇద్దరం ముసలివాళ్ళం మాత్రమే మిగిలాం. మేం కూడా పోతే మేక అరుపు ఒక్కటే మిగులుతుంది. అందుకని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా ఊరు ముంచింగిపుట్టు సంతకి పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే చేరేంత దూరంలో ఉండేది. మా తాత ఆ ఊరికి పెద్ద. షావుకార్లతో బేరాలాడి మైదానం తెలుగు నేర్చుకున్నాడు. అంతకు మించి మాటకారి. ఆయన నోట ఎవరి మీదైనా ఒక వేళాకోళం పుట్టిందంటే, మరుసటి సంతకల్లా అది చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పాకేది. ఆయన్ని చూసి జనం ముందే నవ్వుమొహం పెట్టేవారు. తమ వంతు రాకూడదని అలా పెట్టేవారని నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.

మా కొండల్లో పిల్లని చేసుకునేవాడు పిల్ల తండ్రికి ఓలి ఇచ్చుకోవాలి. పశువులో, ధాన్యమో, బట్టలో. అది ఇచ్చుకోలేని కుర్రాడు ఆ ఇంటికి పనికి వస్తాడు. కొన్నేళ్ళు పొలం దున్ని, పోడు కొట్టి, పశువుల్ని కాసి ఆ చాకిరీనే ఓలిగా చెల్లిస్తాడు. వచ్చిన రోజున జీలుగు కల్లు కుండ ఒకటి తెచ్చి గడపలో పెడతాడు. పిల్ల తండ్రి అందులో కల్లు తాగాడంటే ఒప్పుకున్నట్టే. ఆ తరవాత ఆయన కాదనడానికి వీల్లేదు, అంటే ఊరు ఊరుకోదు. అల్లుడు మాత్రం తనంతట తాను పోవచ్చు. మామ మాట్లాడుతుండగా పదిమందిలోంచి లేచి వెళ్ళిపోయాడంటే ఆ ఇల్లు వదిలేసినట్టు లెక్క. చేసిన చాకిరీ గాలికి పోతుంది, మళ్ళీ ఆ గడప తొక్కడానికి లేదు.

మా చిన్నత్త కోసం అలా వచ్చినవాడు పెదబయలు అవతలి ఊరివాడు. ఒక గొడ్డలి, ఒక గొంగడి తప్ప వెంట ఏమీ తెచ్చుకోలేదు. తాత ఆ కుండ తాగాడు. అడుగున మడ్డి కూడా మిగల్చకుండా తాగాడని మా అమ్మ చెప్పేది. నేను ఆయన్ని మావా అని పిలిచేదాన్ని. పెళ్ళి కాకముందు ఆ పిలుపేంటని తాత కసిరేవాడు. మావ అరుగు మీద అడ్డాకులో తినేవాడు, పశువుల శాలలో పడుకునేవాడు. పెళ్ళయ్యేదాకా పిల్లతో మాట్లాడకూడదు కాబట్టి, ఒకే ఇంట్లో ఉంటూ వాళ్ళిద్దరూ ఏనాడూ ఒక్క మాట అనుకోలేదు. మావకి అంబలి నా చేతే పంపేది చిన్నత్త. ఆ అంబలి మాత్రం మా నాన్నకి పోసే అంబలికన్నా చిక్కగా ఉండేది. నాకు తెలుసు, మోసేదాన్ని నేనే కదా.

చాకిరీ పూర్తి కావచ్చింది. నూనెగింజల వలిసె చేలన్నీ పసుపుపచ్చగా పూశాయి. కోత అయితే పెళ్ళి. అప్పుడు మా ముఠాదారు తమ్ముడు చిన్నత్తని సంతలో చూశాడు. ముఠాదారంటే ఆ రోజుల్లో సర్కారు తరఫున కొన్ని ఊళ్ళ మీద పెత్తనం చేసే మనిషి. తమ్ముడికి భార్య పోయింది. పెద్ద జరీ తలపాగా చుట్టి తిరిగేవాడు. అతనితో వియ్యమందితే తాతకి ఆ ముఠా అంతటా ఎదురుండదు. కాని కుండ తాగేశాడు. అందుకని మావే వెళ్ళిపోయేట్టు చెయ్యాలని చూశాడు. ఎండిన చేను మళ్ళీ దున్నమన్నాడు, మోసుకొచ్చిన కట్టెలు వెనక్కి మోయించాడు. మావ తల వంచుకుని చెప్పిన పని చెప్పినట్టు చేశాడే తప్ప కదల్లేదు.

సరిగ్గా అప్పుడే బయస్కోపువాడు వచ్చాడు. మైదానం మనిషి. బొమ్మల యంత్రాన్ని కావిడి మీద మోయించుకుంటూ అనంతగిరి ఘాటీ ఎక్కి, సంతసంతకీ ఆడించుకుంటూ మా వైపు దిగాడు. మాటలు లేని బొమ్మలు అవి. మైదానంలో బాగా ఆడిన ఒక పెళ్ళి నాటకాన్ని బొమ్మగా తీశారట. ఒక పిసినారి తండ్రి, అతని కూతురు, ఆ కూతురి కోసం పనివాడిగా ఇంట్లో చేరిన ఒక కుర్రాడు. మధ్యమధ్య అక్షరాలు పడితే పక్కన నిలబడి కథ చెప్పాలి. అతని తెలుగు మావాళ్ళకి ఎక్కడం లేదు, మా కొండ మాట అతనికి రాదు. కథ చెప్పిపెట్టే మనిషి కావాలని మా తాతని వెతుక్కుంటూ వచ్చాడు. వాడుక ప్రకారం తాత అతనికి కల్లు పోయించాడు. అతను అరుగు మీద నిలబడి కథంతా ఆడి చూపించాడు. నేను స్తంభం పట్టుకుని చూస్తున్నాను. చివర్లో పిసినారి తండ్రి బోల్తా పడతాడు, పనివాడికే పిల్లతో పెళ్ళవుతుంది. అతను లేని దండ లేని మెడలో వేసి చూపిస్తే నేను చప్పట్లు కొట్టాను. తాత మాత్రం నవ్వలేదు. గడ్డం గోక్కుంటూ, మొదటి నుంచి మళ్ళీ చెప్పమన్నాడు.

ఆట పట్టపగలే. సంత వీధిలో ఒక కంట్రాక్టరుకి చింతపండు గోదాము ఉండేది. కిటికీలకి గోనెసంచులు కట్టి, తలుపు మూసి, లోపల చీకటి చేశారు. పులుపు వాసనకి నోట్లో నీళ్ళూరేవి. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు. మావ వెనక బస్తాలకి ఆనుకుని కూర్చున్నాడు. ఇంటి వాళ్ళందరూ రావలసిందేనని తాత ప్రత్యేకంగా చెప్పి రప్పించాడు. ముఠాదారు తమ్ముడు రాలేదు. అతను ఎందుకు వస్తాడు, అతని పని తాత చేస్తున్నాడు.

దీపం బుస్సుమంది. తెల్లటి గుడ్డ మీద మనుషులు కదిలారు. భయపడి ఇద్దరు ముసలమ్మలు లేచారు గాని, తాత గొంతు వినబడి కూర్చున్నారు. ఆయన చేతికర్ర తెర మీద ఆనించి, పేడ తట్ట మోస్తున్న పనివాణ్ణి చూపించాడు.

“పోలిక పట్టేరా ఈడెవుడో? మా ఇంటి అల్లుడు! ఓలి నేదు, ఎద్దు నేదు, పెళ్ళాం మాత్రం కావాల!”

గోదాము ఘొల్లుమంది. ముందు వరసలోంచి ఒకడు వెనక్కి తిరిగి అరిచాడు.

“ఏటిరా అల్లుడా, నిన్నెప్పుడు బొమ్మ తీసేర్రా?”

“మొన్న పేడెత్తతన్నప్పుడు తీసీసినారన్నా. నాను సూసుకోనేదు,” అన్నాడు మావ.

ఈసారి జనం మావతో కలిసి నవ్వారు. ఆయనా నవ్వాడు. ఆ మాట బాగుందని నా పక్కన కూర్చున్న ముసలమ్మ కూడా అంది. తాతకి అది నచ్చలేదు. బొమ్మలో పనివాడు నీళ్ళ కావిడితో జారిపడితే, మా ఇంట్లో పగిలిన ప్రతి కుండా మావ పగలగొట్టిందేనన్నాడు. పనివాడు ఎద్దు వెంట పరిగెత్తి బురదలో కూలబడితే, ఇద్దరిలో తెలివైనది ఎద్దేనన్నాడు. మావ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. పెదాలు కాస్త బిగుసుకున్నాయంతే.

అప్పుడు పనివాడు ఆవు దగ్గర నిలబడి, చేతులు జోడించి, కాబోయే పెళ్ళాంతో ఏం మాట్లాడాలో ఆవుతో మాట్లాడి నేర్చుకునే బొమ్మ వచ్చింది. తాత గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే జనం ముందుకి వంగేవారు.

“ఇప్పుడు సూడండి. గుంటతో మాటాడనేక గొడ్డుతో మాటాడతన్నాడు. మా ఓడూ అంతే. రాత్తిరేల శాలలోన ఎద్దు మెడ కావిలించుకొని మా గుంట పేరెట్టి పిలుత్తాడు. ‘ఇయేల అంబలి సిక్కగున్నాదే’ అంటాడు. నాను సెవులారా ఇన్నాను.”

“ఎద్దేటన్నాది?”

“సిగ్గు పడిపోనాది!”

ఆ నవ్వుకి రేకుల మీది దుమ్ము రాలింది. చిన్నత్త తల భూమిలోకి వంగిపోయింది. మావ రెండు మోకాళ్ళ మధ్య తల పెట్టేసుకున్నాడు. ఆయన అరచేతులు నేల మీద ఆనడం నాకు కనిపించింది. లేవబోయేవాడు అలాగే ఆనిస్తాడు. తాత చూపు తెర మీద లేదు. ఆ చేతుల మీద ఉంది.

నేను జనం కాళ్ళ మధ్య నుంచి పాకుతూ మావ దగ్గరకి వెళ్ళి చెవిలో చెప్పాను.

“నెగకు మావా. సివర్న ఆడికే పెళ్ళవుద్ది. బొమ్మల పెట్టోడు సెప్పేడు.”

“నిజవేనేటే గుంటా?” అన్నాడు తల ఎత్తకుండానే.

“ఒట్టు. దండ కూడా ఏత్తాది.”

కాసేపటికి అరచేతులు నేల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. “కూకుంటాన్లే,” అన్నాడు. నేను ఆయన పక్కనే బస్తా మీద కూర్చున్నాను. ఇక ఏం ఫరవాలేదనుకున్నాను.

తెర మీదికి డబ్బున్న పెళ్ళికొడుకు వచ్చాడు. తలకి ఇంత పెద్ద జరీ తలపాగా. పిసినారి తండ్రికి వంగి దండం పెడుతుంటే వెనక నుంచి ఒక మేక వచ్చి తలపాగా కొస నమలడం మొదలుపెట్టింది. అతను అటు తిరిగితే మేక ఇటు, ఇటు తిరిగితే అటు. తలపాగా చుట్టు చుట్టుగా ఊడి మేక నోట్లోకి పోతోంది. చివరికి నున్నటి గుండు బయటపడింది. ఊళ్ళో అలాంటి తలపాగా ఎవరిదో అందరికీ తెలుసు. గోదాము పగిలిపోయేట్టు నవ్వింది. చిన్నత్తా నవ్వింది. ఆమె నవ్వితే చివర సన్నటి కూతలా సాగేది. అలాంటి నవ్వు మా ఊళ్ళో ఇంకెవరికీ లేదు. మగవాళ్ళ ముందు ఆమె అలా నవ్వడం అదే మొదలు.

తాత ముఠాదారు తమ్ముడి తలపాగా జోలికి పోలేదు. ఎందుకు పోతాడు. చిన్నత్త నవ్వు వినబడగానే కర్ర ఎత్తి కేకేశాడు.

“అదీ! మా గుంట కూడా నవ్వీసింది! సూడండర్రా, దానికే నవ్వొచ్చింది మా అల్లుణ్ణి సూసి!”

మావ తల ఇంకా మోకాళ్ళ మధ్యే ఉంది. ఆయన మేకని చూడలేదు.

ఆయన లేచాడు. నేను ఆయన పంచె పట్టుకుని “మేక మావా, మేక” అన్నాను. భయంలో అంతకన్నా మాట రాలేదు. ఆయన వంగి, నా వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీశాడు. కోపంగా కాదు.

“నువ్వు బొమ్మ సూడే గుంటా,” అన్నాడు.

తలుపు తీసేసరికి లోపలికి ఎండ పడింది. తెర మీది మనుషులందరూ మాయమై ఉత్త తెల్లగుడ్డ మిగిలింది. “తలుపేసీండ్రా! బొమ్మ పోతంది, బేగి తలుపేసీండి!” అని జనం గోల చేశారు. ఎవరో వేశారు.

మిగిలిన బొమ్మ నేను చూశాను. బయస్కోపువాడు చెప్పినట్టే పిసినారి తండ్రి బోల్తా పడ్డాడు. పనివాడు స్నానం చేసి, కొత్త బట్టలు కట్టి, బాసికం పెట్టుకుని వచ్చాడు. పిల్ల దండ వేసింది. తాత కర్రతో అతన్ని చూపించి, వీడు వేరే మనిషి, పెద్దింటి సంబంధం, పనివాడు పారిపోయాడు చూశారు కదా అన్నాడు. మొహం అదే మొహం. నాకు తెలుస్తూనే ఉంది. అంతమంది పెద్దవాళ్ళు తెర వైపు కళ్ళు పెట్టుకుని మా తాత చెప్పింది చూశారు. యంత్రం తిప్పుతున్న బయస్కోపువాడికి మా మాట అర్థం కాలేదు. జనం నవ్వుతున్నారు కాబట్టి కథ బాగా చెబుతున్నాడని తలూపాడు.

సాయంత్రం పెద్దలు మా ముంగిట్లో కూర్చున్నారు. మామ మాట్లాడుతుండగా అల్లుడు లేచి పోయాడా అంటే పోయాడన్నారు, చూడనివాళ్ళెవరు. చిన్నత్త ఎవరూ పిలవకుండానే లోపల్నుంచి వచ్చి నిలబడింది. ఆడపిల్ల అలా రావడం మాలో తప్పు కాదు, కాని ఎవరూ రారు.

“నాను ఆణ్ణి సూసి నవ్వనేదు. మేకని సూసి నవ్వేను,” అంది.

ఒక పెద్దాయన తల వంచి ఆలోచిస్తున్నట్టే ఉన్నాడు. అప్పుడు మా తాత చాలా మెల్లగా, కళ్ళు సగం మూసి, మేకలా అరిచాడు. అంతే. ఆలోచిస్తున్న పెద్దాయనే అందరికన్నా గట్టిగా నవ్వాడు. నవ్వినవాళ్ళు ఇంకేం తీర్పు చెబుతారు. చిన్నత్త లోపలికి వెళ్ళిపోయింది. మావ గొంగడి శాలలో మిగిలిపోతే, తాత దాన్ని ఎద్దు మీద కప్పించి, పెళ్ళికొడుకు ఇతనేనంటూ వీధి పొడుగునా నడిపించాడు.

వలిసె కోత కాకముందే చిన్నత్తని ముఠాదారు తమ్ముడికి ఇచ్చారు. ఆమెకి పిల్లలు పుట్టారు, తిండికి లోటు లేదు. కల్లు తాగినప్పుడు మొగుడు ఆమెని నలుగురి ముందుకీ పిలిచి, మేక ఎలా అరిచిందో చూపించమనేవాడు. ఆమె చూపించేది. తలపాగా సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. మావ అస్సాం తేయాకు తోటలకి పోయాడని కొందరు, ఘాటీ రోడ్డు పనిలో చూశామని కొందరు అనేవారు. నేను పెద్దయ్యాక అడగని మనిషి లేడు. ఎవరికీ తెలియదు.

తెర మీద అక్షరాలు వస్తూ పోతూ ఉండేవి. అవి చదవగలిగినవాళ్ళు మాలో ఒక్కరున్నా మా తాత ఆట సాగేది కాదని నాకు ఆ వయసులోనే తోచింది. సంతలో ఉప్పు, మిరపకాయలు పొట్లం కట్టిన కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కున్నాను. పొలంలో పుల్లతో రాసుకున్నాను. తరవాత పాడేరు వచ్చి స్థిరపడ్డాక అక్కడి గ్రంథాలయంలో చదవని బీరువా లేదు. గర్వంగానే చెబుతున్నాను. మూగ బొమ్మల రోజుల్లో చాలా దేశాల్లో తెర పక్కన కథ చెప్పేవాళ్ళుండేవారని, జనం బొమ్మకన్నా వాళ్ళ కోసమే వచ్చేవారని అక్కడే చదివాను. ఆ నాటకం కూడా ఒకనాడు చేతికి దొరికింది. అట్ట లేదు, లోపల పిసినారి తండ్రి ఉన్నాడు, పనివాడున్నాడు, తలపాగా నమిలే మేక ఉంది. నిలబడే చదివేశాను. రాసినాయన పనివాణ్ణి చూసి నవ్వమని ఎక్కడా రాయలేదు. మొదటి పుట నుంచీ ఆ తండ్రిని చూసే నవ్వమన్నాడు. అంత నవ్వునీ మా తాత చేతికర్ర ఆనించి ఇంకొకడి మీదికి మళ్ళించాడు. చదవడం నాకు వచ్చేసరికి వినవలసిన ఇద్దరూ లేరు.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్ళకి నా దండాలు. ఆ రోజు గోదాములో ఆడవాళ్ళ పక్కన కూర్చుని, నేను మరిచిన మాటలు గుర్తు చేసిన బోడకొండమ్మకి. అట్టలేని పుస్తకాలు పారెయ్యకుండా అడుగు అరలో దాచిన, గ్రంథాలయంలో పనిచేసే సింహాచలానికి. నా వంకర అక్షరాలు తిరగరాసిన మనవరాలు పార్వతికి. చివరగా, చదువుకునే బల్ల దగ్గర రోజూ నాకు ఎదురుగా కూర్చునే అప్పారావు గారికి. పేపర్లో ఏదైనా చదివి నాకు నవ్వు వస్తే, వెంటనే కాగితం ఆయన వైపు తిప్పి, నేను నవ్విన చోట వేలు పెట్టి చూపిస్తాను. చూపించకుండా నవ్వడం నాకు చేత కాదు. ఎందుకమ్మా ఇలా చేస్తావని ఆయన ఇంతవరకు అడగలేదు. తను చదువుకుంటున్నది ఆపి, కళ్ళజోడు సర్దుకుని, ప్రతిసారీ చూస్తాడు.